శనివారం పార్సిల్

బందరు బస్టాండు వెనక సందులో హలాల్ హోటలు నడిపిన కౌంటర్ భాయి పోయారు. ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. గుడివాడ బస్సు దిగి ఎప్పటిలాగే సందులోకి తిరిగాను. షట్టరు దించి ఉంది. పక్కన సైకిల్ షాపాయన ట్యూబుకు గాలి కొడుతూ తలెత్తాడు.

"భాయి పోయారండీ. తెల్లారగట్ట గుండె పట్టేసింది. మధ్యాహ్నం నమాజు అవ్వగానే తీసుకెళ్లిపోయారు."

"ఇవాళేనా?"

"ఇవాళేనండీ. వాళ్లలో ఆలస్యం చెయ్యరు కదా."

తీసుకెళ్లిపోయారని విన్నాక కూడా పూలకొట్టుకు వెళ్లి దండ కొన్నాను. ఎందుకు కొన్నానో చెప్పలేను. ఇల్లు అడుక్కుంటూ వెళ్లేసరికి వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. టోపీలు పెట్టుకున్న మగవాళ్లు పది మంది దాకా కూర్చుని ఉన్నారు. మనిషి లేరు, ఫోటో లేదు. దండ ఎవరికివ్వాలో తెలియలేదు. "రండి, కూర్చోండి" అన్నాడొక పెద్దాయన. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను.

చిలకలపూడిలో మా ఇంటి ముందు కుళాయి దగ్గర మళ్లీ ఆగిపోయాను. చావింటికి వెళ్లొస్తే స్నానం చేసి గడప దాటాలి. నేను శవాన్ని చూడలేదు. ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. స్నానం చెయ్యాలో వద్దో చెప్పేందుకు లోపల ఎవరూ లేరు. చివరికి కాళ్లు మాత్రం కడుక్కున్నాను. దండ కుళాయి గొట్టానికి మూడు రోజులు వేలాడింది.

ఆయన మంచివాడు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అదొక్కటే కారణం కాదు. నా భార్య పోయి రెండేళ్లు దాటింది. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఈ రెండేళ్లూ ఆయన ఆమెకు పార్సిల్ కడుతూనే ఉన్నారు, నేను తెచ్చుకుంటూనే ఉన్నాను. ఆయన తెలిసే కట్టారా, తెలియక కట్టారా అన్నది తేలకుండానే వెళ్లిపోయారు.

హోటలంటే పెద్దదేమీ కాదు. నాపరాతి బల్లలు నాలుగు, బెంచీలు ఎనిమిది. పచ్చరంగు బోర్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ హలాల్ అని ఉండేది. వడ్డించేవాళ్లు లేరు. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి రేకు బిళ్ల తీసుకోవాలి. అది వంటింటి కిటికీలో ఇచ్చి ఎవరి ప్లేటు వాళ్లు తెచ్చుకోవాలి. తిన్నాక ప్లేటు తొట్లో వెయ్యాలి. రిక్షా వాళ్లు, పోర్టు నుంచి వచ్చే చేపల లారీల డ్రైవర్లు, నాలాంటి గుమాస్తాలు అదే బెంచీ మీద సర్దుకునేవాళ్లం. ఖుష్కా అనేవారు, ముక్కలు లేని బిర్యానీ అన్నం. దాని మీద ఒక గరిటె మటన్ కూర, పక్కన దాల్చా అనే పుల్లటి పప్పు. ఆ హోటల్లో మామూలు అంటే అదే.

తొంభైల మొదట్లో, పెళ్లయిన మూడో నెలలో, నా భార్యను అక్కడికి తీసుకెళ్లాను. ఆమెది పెడన, నేతవాళ్లు. బోర్డు చదివి, మొహమాటం లేకుండా కౌంటర్ దగ్గరే అడిగింది.

"హలాల్ అంటే ఏంటండీ?"

"మా పద్ధతిలో కోసింది అమ్మా. దేవుడి పేరు చెప్పి కోస్తాం."

"మా నాన్న కూడా అమ్మవారి పేరు చెప్పే కోస్తాడు."

భాయి చిల్లర లెక్కపెట్టడం ఆపారు. "మీ నాన్నగారు కోసింది మా ఇంట్లో చెల్లదు. మాది మీ ఇంట్లో చెల్లుతుంది. లాభమంతా మీదే చెల్లెమ్మా, కూర్చో" అన్నారు. బెంచీ మీద వాళ్లందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె ఆయనకు చెల్లెమ్మ. నేను మాత్రం చివరిదాకా సారే.

మా ఆవిడ ఇంటి దగ్గర అద్దకం చీరలకు అంచులు కుట్టి ఇచ్చేది. శనివారం పెడన వెళ్లి, కుట్టినవి ఇచ్చి కొత్తవి తెచ్చుకునేది. వంటకు వీలయ్యేది కాదు. నేను బస్సు దిగి పార్సిళ్లు తెచ్చేవాణ్ణి. శనివారం ఆమె మాంసం ముట్టదు. నాకు ఆ పట్టింపు లేదు. మొదటి శనివారం రెండు మామూలు అడిగితే భాయి ఇవ్వలేదు.

"చెల్లెమ్మ శనివారం తినదు కదా?"

"మీకెలా తెలుసు?"

"మొన్న మీరిద్దరూ తింటున్నప్పుడు ఆమే అంది. మీరు వినలేదు."

నిజమే, నేను వినలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి, "చెల్లెమ్మకి శనివారం. పెనం తుడువు" అని కేకేశారు. పెనం మీద మాంసపు నూనె ఉంటుంది. దాన్ని బాగా తుడిపించి, కొత్త నూనె వేయించి, రెండు పరోటాలు కాల్పించి, పంచదార చల్లించి అరిటాకులో కట్టించారు. వంటాయన నాగాయలంక వైపు మనిషి. ఆయన గిన్నెలతో మాట్లాడుతున్నట్టు గొణిగేవాడు. "వారానికో పెనం స్నానం. ఈవిడ పుణ్యానికి నా చేతులు కాలాలి." ఆ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ పడీ పడీ నవ్వేది. ఒక పండక్కి ఆ వంటాయనకు అద్దకం తువ్వాలు పంపింది. గొణుగుడు మాత్రం తగ్గలేదు.

తొమ్మిదేళ్లలో ఒక్క శనివారం కూడా ఆయన మర్చిపోలేదు. కార్తీకంలో అయితే నెల పొడుగునా పెనం తుడిపించేవారు. ఏకాదశి మాత్రం తన లెక్కకు అందదని, ముందురోజే చెప్పమని అడిగేవారు.

ఆయనకు ఇంకో అలవాటుంది. పార్సిల్ చేతికిచ్చాక ఎవరినీ నిలబడనిచ్చేవారు కాదు. "పార్సిల్ పట్టుకుని కబుర్లేంటి సార్? ఇంట్లో వాళ్లకి వేడిగా వెళ్లాలి. మీరు చల్లారినా ఫరవాలేదు." ఎంత పెద్ద ఆఫీసరుకైనా అదే మాట. క్రికెట్టు స్కోరు అడగబోయినా చెయ్యి బయటికి చూపించేవారు.

నా భార్య జ్వరంతో పడుకుంది. పదమూడో రోజున పోయింది. దాని గురించి ఇక్కడ రాయను.

నెలన్నర హోటలు వైపు వెళ్లలేదు. వెళ్లిన రోజు భాయి నన్ను చూడగానే అన్నారు.

"ఏం సార్, ఇన్నాళ్లూ కనపడలేదు. చెల్లెమ్మ ఊరెళ్లిందా?"

చెప్పడానికే వెళ్లానని అనుకుంటాను. అయినా "ఊఁ, పెడన" అన్నాను. ఒక పార్సిల్ ఇచ్చారు. తర్వాతి వారం "వచ్చేసిందా?" అని అడిగారు. "వచ్చింది" అన్నాను. రెండు పార్సిళ్లు ఇచ్చారు. ఇంటికెళ్లండి, చల్లారిపోతుంది అన్నారు. వచ్చేశాను.

అప్పటికి నన్ను చూస్తే అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆమె ఎలా ఉందని అడిగే మనిషి ఊళ్లో ఆయనొక్కడే మిగిలారు. "బాగుంది" అని చెప్పి రావడం నాకు అలవాటైంది. ఇది అబద్ధమని నాకు తెలుసు. వారంలో ఒక్కసారి ఆడే అబద్ధం అని సర్దిచెప్పుకున్నాను. రెండో పార్సిల్ కొన్నిసార్లు మర్నాడు పొద్దున తిన్నాను. కొన్నిసార్లు పారేశాను. ఆయన పెనం తుడిపించి కట్టించినదాన్ని పారేశాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆయన పోవడానికి ఆరు నెలల ముందు ఒక శనివారం వెళ్లాను. కౌంటర్ దగ్గర నలుగురున్నారు. నా వంతు వచ్చింది. ఆయన కిటికీ వైపు తిరిగి, "రెండు మామూలు" అని కేకేశారు.

నేను నోరు తెరిచి మూశాను. ఆయన నా వైపు చూశారు, కాసేపు. అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు. అది చూపు ఆనని మనిషి చూడడమో, తెలిసిన మనిషి చూడడమో నాకు అర్థం కాలేదు. పార్సిళ్లు వచ్చాయి. ఇంటికెళ్లమని ఆ రోజు అనలేదు. అనడం మర్చిపోయారేమో. నా వెనక జనం కూడా ఉన్నారు.

ఇంట్లో విప్పి చూశాను. రెండింటిలోనూ మటన్. ఆమె ఉండి ఉంటే నేను అక్కడే "శనివారం కదా భాయ్" అనాలి. అనలేదు. నేను అలా ఊరుకోవడంతోనే ఆయనకు తెలిసిపోయిందా? లేక ముందే తెలిసి, ఇక చాలు, నువ్వు తిను అన్నారా? లేక వయసు మీద పడి ఒక శనివారం మర్చిపోయారా?

తర్వాతి శనివారం మళ్లీ వెళ్లాను. "చెల్లెమ్మకి శనివారం. పెనం తుడువు" అన్నారు. మామూలు కంటే గట్టిగా అన్నారనిపించింది. అనిపించడమే కావచ్చు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ ఏ శనివారం తప్పలేదు. నేను కూడా అడగలేదు. ఆయనకు తెలిసి ఉంటే, నేను అడగగానే ఆ పార్సిల్ ఆగిపోతుంది. తెలియకపోతే చెప్పాల్సి వస్తుంది. రెండూ వద్దనుకున్నాను.

ఆయన పోయాక అడగడం మొదలుపెట్టాను. ఆయన్ని తప్ప అందరినీ అడిగాను. గుడివాడ ఆఫీసులో మా పక్క సీటాయనది కూడా బందరే, అక్కడే తినేవాడు.

"మీ ఇంట్లో అలా జరిగిన కొత్తలో భాయి అడిగారండీ, సారు రావట్లేదేంటని. ఏదో చెప్పాను. ఒంట్లో బాలేదన్నానో, ఇలా అయిందన్నానో."

"కొంచెం గుర్తు తెచ్చుకోండి."

"ఖీమా తింటూ చెప్పిన మాట ఎక్కడ గుర్తుంటుందండీ?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "చెప్పే ఉంటానండీ" అన్నాడు. నా కోసం అన్నాడని తెలుస్తూనే ఉంది.

హోటలు మళ్లీ తెరిచాక వంటాయన్ని అడిగాను. ఆ శనివారం సంగతంతా చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"పరోటా పిండి అయిపోయిందేమోనండి ఆ రోజు."

"అయిపోతే ఆయన చెప్పేవారు కదా."

"కళ్లు సరిగ్గా ఆనేవి కాదు కదండీ ఆఖర్లో. మిమ్మల్ని చూసి ఇంకెవరో అనుకున్నారేమో." మళ్లీ తనే, "అయినా సారూ, మటన్ ఎక్కువొచ్చిందని ఆర్నెల్లు బాధపడే మనిషిని మిమ్మల్నే చూశాను" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అప్పుడు గొంతు తగ్గించి, "నలభయ్యో రోజు ఇంట్లో భోజనాలు. రండి. భాయి సంతోషిస్తారు" అన్నాడు.

ఈసారి దండ లేకుండా వెళ్లాను. ముందుగదిలో చాపలు పరిచి మగవాళ్లకు పెడుతున్నారు. మూడు పంక్తులు లేచాయి. నన్ను చివర్లో కూర్చోబెట్టారు. లోపలి గదికి అడ్డంగా తెర కట్టి ఉంది. ఆయన భార్య ఆ వెనక ఉన్నారని వంటాయన చెప్పాడు. వాళ్ల పద్ధతిలో భర్త పోతే నాలుగు నెలల పది రోజులు ఆవిడ బయటి మగవాళ్ల కంటపడకూడదట. నా భార్య పోయినప్పుడు నాకు పదకొండో రోజుతోనే కర్మలన్నీ అయిపోయాయి. పన్నెండో రోజున ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఏది నయమో నాకు తెలియదు.

చెయ్యి కడుక్కుని వచ్చి, తెర ముందు నిలబడ్డాను. అడగాల్సిన మాట దారిలోనే సిద్ధం చేసుకున్నాను. ఆయనకు తెలుసా అని, అంతే. గొంతు సవరించుకుని, హోటలుకు పదకొండేళ్లుగా వచ్చేవాణ్ణని, చిలకలపూడి అని చెప్పాను.

"తెలుసండీ" అన్నారు లోపలి నుంచి. గొంతు సన్నగా ఉంది. "మీ గురించి ఇంట్లో అనేవారు. పెడన చెల్లెమ్మ వాళ్ల సారు. ఆవిడ రాలేదా అండీ? ఆడవాళ్లకి లోపల పెడుతున్నాం."

"లేదండీ" అన్నాను. తర్వాత, "పోయింది. రెండేళ్లు దాటింది" అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆయనకి తెలుసా?" అన్నారావిడ.



"నేను చెప్పలేదండీ. తెలుసో లేదో నాకు తెలియదు."

"ఇంట్లో ఎప్పుడూ అనలేదు" అన్నారు. మళ్లీ ఆవిడే, "కొన్ని అనేవారు కాదు" అన్నారు.

ఎవరో లోపలి నుంచి ఆవిణ్ణి పిలిచారు. మళ్లీ పిలిచారు. తెర నేల దాకా లేదు. దాని కింద ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. అవి కదలలేదు. నేను కూడా అక్కడే నిలబడ్డాను.