విచారణకు వచ్చిన పెద్దాయన

మొన్న పాండిచ్చేరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అక్కడి అగ్రపీఠం, అదే ఆర్చిబిషప్పుగారి పీఠం చరిత్ర, దాని పెద్దగుడి చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట, అందులో యానాం విచారణ గురించి కూడా నాలుగు ముక్కలు ఉండాలట. మోకాళ్ళ నొప్పులతో లేచి తలుపు తీసిన నాకు ఆ మాట వినగానే మళ్ళీ కూలబడాలనిపించింది. విచారణ అంటే మా కతోలిక్కుల భాషలో ఒక గుడి, ఆ గుడికి చెందిన జనం; ఊళ్ళో మిగతా అందరికీ అది పోలీసు మాట. ఆ తేడా మా ఇంట్లో ఎంత పని చేసిందో అతనికేం తెలుసు!

ఏ గుడి ఎప్పుడు ఏ మేత్రాసనం, అంటే ఏ బిషప్పుగారి ఏలుబడి కిందికి వచ్చిందో నన్నడిగితే చెప్పలేను. ఫ్రెంచివాళ్ళున్న రోజుల్లో మా ఇళ్ళలో పెద్దగుడి అంటే పాండిచ్చేరిదే, పెద్దాయన అంటే అక్కడి బిషప్పుగారే, మేమైతే మేత్రాణులు అనేవాళ్ళం. మా పెద్దనాన్న పగలు దొరల కచేరీలో గుమాస్తా, ఆదివారం గుడిలో హార్మోనియం. లాటిను ముక్క అర్థం కాకపోయినా గానపూజ మొత్తం కంఠతా పట్టి, రేవులో పడవవాళ్ళకు కూడా వినిపించేలా పాడేవాడు. మేత్రాణుల ఎదుట ఒక్కసారి ఆ పూజ పాడాలన్నది ఆయన కోరిక. మరో కోరిక ఆయన నోట నేను వినలేదు.

ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎగిరిన ఏడు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, కచేరీలో పనిచేసినవాళ్ళు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరిగేవారు. దొరల మనుషులెవరు, కానివారెవరు అని అరుగుల మీద రోజూ పంచాయితీలే. మా పెద్దమ్మ అప్పుడే కొత్తగా కాపురానికొచ్చింది. మెట్టకూరులో ప్రొటెస్టెంటుల పిల్ల, సంఘం, పాస్టరుగారు అనే మాటలే గాని మా గుడి మాటలు ఆవిడకు ఇంకా పట్టుబడలేదు. ఒక సాయంత్రం గుడి గంట కొట్టే తాత మా గుమ్మం ముందు ఆగి, "ఎల్లుండి పాండిచ్చేరి నించి పెద్దాయనొత్తన్నారమ్మా, విచారణకి. మీ ఆయనకి సెప్పు," అని తన దారిన పోయాడు.

ఆవిడకు తెలిసిన విచారణ పోలీసులదే. మొగుడు ఇంటికి రాగానే, నిన్ను విచారించడానికి పాండిచ్చేరి నుంచి ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని చెప్పింది. తాత అన్నది అన్నట్టు చెప్పి ఉంటే ఆయన ఎగిరి గంతేసేవాడు. ఆవిడ తనకు తోచిన అర్థం చెప్పి అసలు మాట మింగేసింది. తెల్లారేసరికి ఆయన గోదావరి దాటి అవతలి ఒడ్డున చుట్టాలింట్లో ఉన్నాడు. గుడి నుంచి ఎవరొచ్చి పిలిచినా ఆవిడ తలుపు తీయలేదు.

మూడోనాడు గుడిగంట మోగితే మాత్రం మాతోపాటు పూజకొచ్చింది. కొబ్బరాకుల తోరణాలు, పూలదండలు, బలిపీఠం ముందు మేత్రాణులు, అన్నీ ఉన్నాయి గాని హార్మోనియం మూత తీసే నాథుడు లేడు. పాట లేకుండానే పూజ అయిపోయింది. మన విచారణను చూడటానికి ఇంతదూరం వచ్చిన మేత్రాణులకు వందనాలని ఫాదర్‌గారు చెబుతుంటే, పక్కనున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే రేవు దాటి వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చింది, దారంతా ఏడుస్తూనే. ఆయన కోప్పడలేదు. గుడి ముందు ఆగి, వాడిపోతున్న తోరణాలు చూసి, "విచారణంటే ఇదేనే, పిచ్చిదానా," అన్నాడు. మళ్ళీ మేత్రాణులు వచ్చేనాటికి పూజ తెలుగులోకి మారింది, ఆయన గొంతు కూడా పోయింది.

ఇప్పుడు గుడిలో కీబోర్డులు, మైకులు, ప్రతి మాటా అర్థమవుతుంది. నాకు ఆ అర్థంకాని పాటే కావాలనిపిస్తుంది, ఎవరితో చెప్పుకోను, చెప్పుకునే ఓపిక కూడా లేదు. కుర్రాడు వెళ్ళబోతూ, మేత్రాణులు వచ్చినరోజు గానపూజ ఎవరు పాడారని అడిగాడు. ఆ రోజు గుడిలో ఉన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే.

"మా పెద్దనాన్న," అన్నాను. రాసుకున్నాడు.