కోటమ్మ పొగ ఎవరు కొన్నారు?

“పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళని చూశానండీ గోవర్ధనరావుగారూ! పొగే పట్టుకుపోయేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా!”

పాలకాయతిప్పలో కోటమ్మ గుడిసె ఇంకా పది అడుగులుందనగానే ఆవిడ గొంతు వినబడింది. 2007 వానాకాలం. చదువు మధ్యలో వదిలేసిన నాకు ఒక సంస్థ ఇచ్చిన పని, తాను ఉచితంగా పంచిన పొగలేని పొయ్యిలు వాడుతున్నారో లేదో చూసి ఫారాల్లో టిక్కులు పెట్టడం. గోవర్ధనరావుగారు మా ఆఫీసరు.

“పాత పొయ్యి తీసేస్తానని ఒప్పుకున్నావు కదమ్మా!”

“వేలిముద్రేశాను. కళ్ళు మండవన్నారు, బానే ఉంది. నెత్తళ్ళకి పురుగు పడుతుందన్నారా?”

కోటమ్మకి యాభై దాటాయి. ముప్పయ్యేళ్ళుగా ఎండుచేపల తట్టతో బందరు, గుడివాడ తిరుగుతోంది. బస్సులో ఆవిడ పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. “నాది రిజర్వేషను” అంటుంది. ఎండల్లో ఎండబెట్టిన నెత్తళ్ళని, ఆ వేలెడంత చేపల్ని, వానలు పట్టగానే పొయ్యి పైనున్న తడిక మీదికెక్కిస్తుంది. కింద పొగ, పైన చేప. ఆ పొగ తగిలినంతకాలం పురుగు దగ్గరికి రాదు. కంట నీరు తెప్పించినా, వానాకాలమంతా ఆవిడకి కూడు పెట్టేది ఆ పొగే. మా రిపోర్టులో ఈ ముక్క లేదు. కొత్త పొయ్యి పక్కన నవ్వమంటే నవ్విన ఆవిడ ఫోటో మాత్రం అట్ట మీదే ఉంది.

కొత్త పొయ్యి వచ్చి నెల తిరక్కుండా సగం సరుకు పాడైంది. మిగతా సగం కోసం పాత పొయ్యి మళ్ళీ వెలిగించింది. గొడవ అదే.

“నువ్వు మానేసిన పొగని లెక్కగట్టి విదేశీ కంపెనీ కొంటుందమ్మా. వాళ్ళ ఫ్యాక్టరీ వదిలే పొగకి అది చెల్లు. భూమి చల్లబడుతుంది.”

“అంటే వాళ్ళ గొట్టం ఆగదు, నా పొయ్యి ఆరాలి?”

“రేపటికల్లా తీసెయ్యాలి!” అని ఆయన జీపెక్కారు. భూమి ఎంత చల్లబడిందో గానీ, జీపు వదిలిన పొగకి నేనూ కోటమ్మా ఇద్దరం దగ్గాం.

నేను ఫారం తీశాను. “కొత్త పొయ్యి వాడుకలో ఉందా అత్తా?”

“ఎందుకు లేదూ? కోడి వాడుతోంది.”

నిజమే. పొయ్యిలో కోడి పొదుగుతోంది. టిక్కు పెట్టేశాను.

ఆవిడ తట్టలోంచి గుప్పెడు నెత్తళ్ళు తీసి నలిపితే పురుగు తొలిచిన పొడి రాలింది.

“అబ్బాయ్, నీకు ఇంగ్లీషొచ్చుగా?”

“సగం వచ్చు.”

“సగం చాల్లే. నా పొగ కొన్న దొరగారి అడ్రసు రాసివ్వు. మిగిలిన సరుకు ఆయనకి పార్సిల్ చేస్తా. పొగ ఇప్పుడు ఆయన దగ్గరేగా ఉంది, వానలు తగ్గేదాకా పట్టించి తిప్పి పంపమను.”