మమ్మల్ని మొదట చూసిన బొమ్మలు

మొన్న బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆయుర్వేద మందుల షాపులో కరక్కాయ పొడి పొట్లం విప్పితే, ఆ వగరు వాసనకి కొనడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. అది మా తాతయ్య వాసన. గుడి గోపురాలకి బొమ్మలు చేసే ఆయన, సిమెంటు ఎంత వాడినా పైపూతకి మాత్రం కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి నానబెట్టిన సున్నమే పూసేవాడు. పిల్లలం ఆ బెల్లం ముక్క కోసం ఆయన చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్ళం.

తొంభైల్లో ఒక ఎండాకాలం, మైలవరం దగ్గర మా ఊళ్ళో కొత్తగా కడుతున్న చర్చికి ఆయన్ని పిలిచారు. ఫాదర్‌గారి దగ్గర ఏదో దూరదేశపు చర్చి ఫొటో ఉండేది, వెయ్యేళ్ళ నాటిదట: కోటగోడలంత మందపు గోడలు, పిసినారి కిటికీలు, గుమ్మం మీద ఒకదాని లోపల ఒకటిగా గుండ్రటి ఆర్చీలు, స్తంభాల తలల మీద సింహాలూ చేపలూ ముసలి మొహాలూ. అలాగే చెయ్యమన్నారు. తాతయ్య చేతిలో ఆ సింహాలకి గోపురం మీసాలొచ్చేశాయి. ఫాదర్‌గారు నవ్వి, "ఆ ఫొటోలోవి చెక్కినవాళ్ళు మాత్రం సింహాన్ని చూసుంటారా ఏంటండీ" అన్నారు. బయట వడగాడ్పు కొడుతుంటే మేం ఆ మందపు గోడల చల్లదనంలో చేరి, తాటిముంజెలు జుర్రుకుంటూ అచ్చంగాయలాడుకునేవాళ్ళం.

తెల్లారితే ప్రారంభోత్సవం అనగా పేచీ వచ్చింది. బొమ్మలకి కళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. కళ్ళు ఆఖర్న తెరవాలి, తెరవగానే మొదటి చూపు ఆవూదూడ మీద పడాలి. తాతయ్య ఎరిగిన పద్ధతి అది. ఆవుని తోలుకురమ్మన్నాడు.

"ఇది గుడి కాదు మేస్త్రిగారూ. మీరు చెయ్యకపోతే బెజవాడ నుంచి ఇంకొకళ్ళని పిలిపిస్తాం" అన్నాడు చర్చి పెద్ద.

తాతయ్య తాపీ కింద పెట్టేశాడు. ఎండాకాలమంతా పోసిన ప్రాణానికి ఇంకెవరో చూపు పెడతారంటే ఆయన మొహం నల్లబడిపోయింది. "ఊరికే తెరవమంటే నా చెయ్యి ఆడదండీ" అని మాత్రం అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఫాదర్‌గారు మావైపు చూశారు. "పోనీ, పిల్లల్ని చూపిస్తే సరిపోద్దా?"

తాతయ్య కింద పెట్టిన తాపీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "సరిపోద్దండి."

వాళ్ళూ వీళ్ళూ అని లేకుండా ఊళ్ళో పిల్లలందర్నీ ముంజెల జిగురు చేతులతోనే గుమ్మం ముందు నిలబెట్టారు. పరంజా మీద తాతయ్య ఒక్కొక్క బొమ్మకీ కళ్ళు తీర్చి, దానికి మేం కనపడేలా పక్కకి ఒదిగేవాడు. మీసాల సింహం నన్ను కాక ఇంకెవర్నైనా చూస్తుందేమోనని నేను రెప్ప కూడా వెయ్యలేదు.

ఇప్పుడా చర్చి లేదు. జనం పెరిగారని పడగొట్టి, టైల్సూ అద్దాలూ పెట్టి పెద్దది కట్టారు. అదీ బాగానే ఉంది. తాతయ్య లేడు, ఫాదర్‌గారూ లేరు. గోమాత మీద పడాల్సిన చూపుకి మేం చాలునని ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. అంత గౌరవం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు; దొరకలేదన్న బాధా లేదు, ఇన్నేళ్ళూ నాకు ఆ ఒక్కటే సరిపోయింది.