ముందుగాల వీపు

ఈ చలికాలం నా ఒళ్ళు మరీ ఎండిపోయింది. శంషాబాదులో మా అపార్ట్‌మెంటు హైవేని ఆనుకునే ఉంటుంది కాబట్టి కింద దుమ్మూ, పైన దిగే విమానాల హోరూ ఎలాగూ అలవాటైనవే, కానీ ఈ ఏడు వాటికి తోడు వీపంతా ఒకటే దురద పట్టుకుని కుదురుగా కూర్చోనివ్వకపోతే చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆ చిన్నపిల్ల నన్ను ఓపికగా చూసి, రోగమేమీ కాదండీ, వయసు మీద పడితే చర్మంలో తడి తగ్గుతుంది, సబ్బు తగ్గించి, స్నానం కాగానే ఒంటి మీద చెమ్మ పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ పల్చగా పట్టించండి అని చెప్పి, చీటీ చేతికిస్తూ, వీపుకి మాత్రం ఇంట్లో ఎవరిచేతైనా రాయించుకోండి అంది. అలాగేనమ్మా అని వచ్చేశాను. ఇంట్లో ఎవరున్నారని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

మాకు పిల్లల్లేరు, మా ఆయన పోయాక నేనొక్కదాన్నే. మర్నాడు స్నానం చేసి చేతులూ కాళ్ళూ మెడా పొట్టా అన్నిటికీ శ్రద్ధగా పట్టించి వీపు దగ్గర ఆగిపోయాను. పైనుంచి చెయ్యి పెడితే మెడ కింద జానెడు, కిందనుంచి పెడితే నడుము మీద జానెడు అందుతోంది గానీ, ఆ రెండింటికీ మధ్య, రెండు రెక్కల నడుమ, అరచెయ్యంత చోటు ఎటునుంచీ అందటం లేదు. దురద సరిగ్గా అక్కడే. అట్లకాడకి మెత్తటి గుడ్డ చుట్టి, దానికి జెల్లీ పూసి, అద్దంలో వెనక్కి చూసుకుంటూ నానా తిప్పలూ పడ్డాను. నవ్వకండి, ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇలాంటి తెలివితేటలు చాలా వస్తాయి. గుడ్డ ఊడి కింద పడ్డాక మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను కూడా, దురదకి కాదు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు చలి మొదలైతే పిక్కల మీద గోటితో గీస్తే తెల్లగా గీత పడేది, మేమైతే పలక అక్కర్లేకుండా దాని మీదే పేర్లు రాసుకునేవాళ్ళం. అమ్మగారింట్లో దానికి ఆముదమే మందు. రాసుకుంటే జిడ్డు, ఆ జిడ్డుకి దుమ్ము, పైగా బళ్ళో పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. వాజిలీను అనే వస్తువు ఒకటుందని నాకు అత్తగారింటికి వచ్చాకే తెలిసింది, అదీ మా అక్క వల్ల.

అక్క అంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నా తోటికోడలు. మా వైపు యారాలు అంటారు, నేను మాత్రం మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచాను. మా ఊరు కొత్వాల్‌గూడ దాటాక, హిమాయత్ సాగర్ వైపు. అన్నదమ్ములిద్దరూ కలిసి చామంతి, గులాబీ పెట్టేవారు. పువ్వు తెల్లవారేలోగా కోసి నగరానికి పంపాలి కనుక, పుష్యమాసం చలిలో, సాగర్ మీదినుంచి వచ్చే ఈదురుగాలిలో, మంచుకి తడిసిన చెట్ల మధ్య ఆడవాళ్ళం వంగి పూలు కోసేవాళ్ళం. బావగారు పూల బండితో పోయి వచ్చేటప్పుడు వాజిలీను డబ్బా తెచ్చేవారు. కొత్తగా వచ్చిన నేను పగిలిన వేళ్ళు చూసుకుంటూ బిక్కమొహం వేసుకుని ఉంటే, అక్క నన్ను పెరట్లో స్నానాల గదిలోకి తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టింది. నీళ్ళు పోసుకుని, ఒళ్ళు అద్దుకుని, లంగా గుండెల దాకా కట్టుకుని వేళ్ళకి రాసుకోబోతుంటే డబ్బా లాగేసుకుంది.

"ముందుగాల వీపు, చెల్లే. మిగిలినయన్నీ మన చేతికి అందుతయి."

నీళ్ళ పొయ్యి పక్కన పెట్టడం వల్ల డబ్బాలో వాజిలీను మెత్తబడి ఉండేది. అక్క దాన్ని రెండు అరచేతుల మధ్య రుద్ది, మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా ఒక్క వేలెడు చోటు వదలకుండా పట్టించేది. పనిచేసి గట్టిపడ్డ ఆ చేతులు గరుగ్గానే ఉండేవి, కానీ ఆ గరుకే హాయిగా ఉండేది. ఆ తర్వాత తను వెనక్కి తిరిగి కూర్చునేది, నేను పట్టించేదాన్ని. పట్టించినంతసేపూ ఊరి ముచ్చట్లన్నీ అక్కడే, మా అత్తగారి మీద చెప్పుకోవలసినవన్నీ కూడా అక్కడే.

తర్వాత విమానాశ్రయమూ, దాని చుట్టూ రోడ్లూ వస్తున్నాయన్నారు. భూమి ఇవ్వడానికి మా ఆయన ముందు సంతకం పెట్టారు, బావగారు పెట్టనన్నారు, చివరికి ఆయనా పెట్టక తప్పలేదు. భూమి ఎలాగూ పోయేదే, కానీ నన్ను అడగకుండా ముందు పెట్టింది నువ్వే కదరా అన్న మాట అన్నదమ్ముల మధ్య మిగిలిపోయింది. ఇంటి మధ్య గోడ లేచింది. ఆ ఇంటోళ్ళతోని మాట్లాడితే మంచిగుండదని బావగారు అక్కతో అన్నారట, మా ఆయన నాతో అదే మాట అన్నారు. కోపంలో మాత్రం అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోలిక.

గోడైతే కట్టారు గానీ పెరట్లో బోరింగూ, స్నానాల గదీ పంచడానికి కుదరక ఉమ్మడిగానే వదిలేశారు. ఆ చలికాలం ఒకరోజు నేను స్నానం ముగించి వాజిలీను మూత తీస్తుంటే తలుపు చప్పుడైంది. అక్క లోపలికి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా, డబ్బా తీసుకుని నా వెనక కూర్చుంది. మాట్లాడొద్దన్నారు, మేము మాట్లాడలేదు. వీపు రుద్దొద్దని ఎవరూ అనలేదు కదా. అలా ఆ చలికాలాలన్నీ గడిచాయి. బావగారికి తెలియకపోలేదు. ఆ వేళప్పుడు పెరట్లోకి రావాలంటే గడప అవతలే గట్టిగా దగ్గి, కాసేపు ఆగి వచ్చేవారు.

మా అమ్మ పోయిన ఏడు నేను దినాలు ముగించుకుని తిరిగొచ్చాక పలకరించడానికి అక్క నా గుమ్మం తొక్కలేకపోయింది. మర్నాడు పొద్దున స్నానాల గదిలో తన చెయ్యి వీపు మీద పడగానే నాకు ఏడుపు ఆగలేదు. తను ఓదార్చలేదు, అయ్యో అని కూడా అనలేదు, పూసినచోటే మళ్ళీ మళ్ళీ పూస్తూ నా ఏడుపు ఆగేదాకా రుద్దుతూనే ఉంది. అమ్మ పోయినందుకు నన్ను చాలామంది ఓదార్చారు, వాళ్ళు ఏమన్నారో నాకిప్పుడు గుర్తులేదు.

ఆ తర్వాత ఇల్లూ అమ్ముడైంది. మేము శంషాబాదుకి, వాళ్ళు బుద్వేల్‌కి. మా ఆయనకి అక్క చేసే వీపు పని అప్పజెప్పితే, టీవీ చూస్తూ గోడకి సున్నం కొట్టినట్టు రెండు పట్లు పట్టించి అయిందనేవారు. దానికే నేను సణుక్కునేదాన్ని. ఇప్పుడు ఆయనా లేరు, బావగారూ లేరు, వద్దనేవాళ్ళెవరూ లేకపోవడంతో అక్కా నేనూ రోజూ ఫోనులో బోలెడు మాట్లాడుకుంటాం, ఏం వండావు, మోకాళ్ళెలా ఉన్నాయి, మాత్ర వేసుకున్నావా అని.

అట్లకాడతో కుస్తీపట్టిన వారమే డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కి ఆరాంఘర్‌లో దిగి, ఆటోలో బుద్వేల్ పోయాను. అక్క తన కూతురి దగ్గర ఉంటోంది. మంచి పిల్ల, అల్లుడూ మంచివాడే, మనవలిద్దరూ అక్క చుట్టూనే తిరుగుతారు. భోజనం పెట్టారు, చీర పెట్టారు, నాలుగు రోజులుండి పొమ్మన్నారు. ఉన్నవి రెండు గదులు, నేనెక్కడ పడుకుంటానో వాళ్ళకీ తెలియదు. అంతమందిలో కూర్చుని, వీపుకి వాజిలీను రాయవా అక్కా అని అరవై దాటిన మనిషి ఎలా అడుగుతుంది? అడగలేక, సంచిని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

మంచినీళ్ళ కోసం వంటింటి వైపు పోతే అక్కడ అక్క కనిపించింది. ఎవరూ చూడటం లేదనుకుని, తలుపు చట్రానికి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, అటూ ఇటూ రాసుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

"ఇంట్ల ఇంతమంది ఉన్నరు. గిది మాత్రం ఎవర్ని అడగాల్నో తెలుస్తలేదే," అంది.

నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి నాకీ కష్టమనుకున్నాను ఇన్నాళ్ళూ. చెయ్యి పట్టుకుని బాత్రూములోకి తీసుకుపోయి గడియ పెట్టాను. చిన్న మనవరాలు తలుపు తట్టి, "అమ్మమ్మా, లోపల ఏం జేస్తున్నరు?" అని ఒకటే అడగడం. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాం. ముందు తనకి నేను పట్టించాను, వీపంతా తెల్లగా పొలుసులు కట్టి ఉంది. తర్వాత నేను తిరిగాను. తన చేతుల్లో మునుపటి బలం లేదు, గరుకూ లేదు, పూల పని మానేసి ఎన్నాళ్ళయిందో. అయినా మెడ దగ్గరే మొదలుపెట్టి, రెక్కల మధ్యకి వచ్చి, అక్కడ ఆగి ఆగి పట్టించింది. ఫోనులో గంటలు గంటలు మాట్లాడుకునే మేము ఆ కాసేపూ ఒక్క మాటా మాట్లాడలేదు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాను. రోజూ నేను అంత దూరం పోలేను, మా మెట్లు ఎక్కడం అక్క వల్ల కాదు, మళ్ళీ ఎప్పుడో మా ఇద్దరికీ తెలియదు.

మర్నాడు పొద్దున నీళ్ళు తోడుకుని పీట మీద కూర్చుని చెంబు ముంచాను. ముంచి, అలాగే పట్టుకుని ఉండిపోయాను. మన రోజుల్లో ఒంటి మీద ఎవరిదో ఒకరి చెయ్యి పడుతూనే ఉండేది, అమ్మ తలంటేది, పక్కింటావిడ జడ వేసేది, యారాలు వీపు రుద్దేది, అదంతా పనే అనుకున్నాం గానీ దానికోసం ఎదురుచూసే రోజు వస్తుందని అనుకోలేదు. ఇప్పుడు ఎవరి గది వాళ్ళది, ఎవరి తలుపు గడియ వాళ్ళది. వీపు మీద అక్క పూసిన నునుపు ఇంకా తెలుస్తూనే ఉంది, నీళ్ళు పోస్తే పోతుంది. పెళ్ళయిన నాటినుంచీ స్నానం చెయ్యకుండా దేవుడి గూటి దగ్గరికి పోయిన రోజు లేదు నాకు. చెంబు కింద పెట్టి, కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుని లేచి వచ్చేశాను. ఆ రోజు దీపం పెట్టలేదు.