బండి వెనక చక్రం గరగర

మా చిన్నప్పుడు... బాపు బండి మీద ఎక్కడికి పోయినా దారంతా బాపు చెవి దగ్గర గట్టిగా అమ్మది ఒకటే పాట. "ఎనక చక్రం కాడ గర్రుమంటాంది... జర ఆపి చూడు."

బాపు ఆపేవాడు కాదు. "రోడ్డు గట్లున్నది. బండికేం కాలే," అనేవాడు.

ముందు ట్యాంకు మీద కూర్చున్న నాకు కూడా ఆ చప్పుడు వినిపించేది. ఎవరో తిరగలిలో జొన్నలు పోసి విసురుతున్నట్టు... బండి జోరు పెరిగితే అదీ పెరిగేది, బండి ఆగితే ఆగిపోయేది.

మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. తెలంగాణ వచ్చిన కొత్త. బాపు పొద్దున్నే ఇంటింటికీ పోయి పాలు పోయించుకుని, క్యాన్లు బండికి రెండు పక్కలా కట్టుకుని టౌనుకు పోయేవాడు. బండి నడిస్తేనే మా ఇల్లు నడిచేది. దాని మీద దుమ్ము పడితే ఓర్చుకోని మనిషి, ఇంత చప్పుడు అవుతుంటే ఎందుకు పట్టించుకోడో మాకు అర్థమయ్యేది కాదు...

తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి యాదగిరిగుట్టకు పోవాలనుకున్నాం. తెల్లవారితే ప్రయాణం. ఆ సాయంత్రం అమ్మ మొండికేసింది.

"చంటోణ్ణి ఒళ్లె పెట్టుకొని నేనీ బండెక్క. ముందుగాల దీని సంగతి తేల్చు."

బాపు విసుక్కుంటూనే వాకిట్లో బండికి పెద్ద స్టాండు వేశాడు. కిక్కు కొట్టి రేజు చేశాడు. ఇంజను మామూలుగానే ఉంది.

"సూడు... ఏమన్న ఉన్నదా?"

"గిట్ల కాదు, నడిచేటప్పుడే వస్తది. బండి బందువెట్టి చక్రం తిప్పు," అంది అమ్మ.

ఇంజను ఆపాడు. వెనక చక్రం గాలిలో ఉంది. నేనే రెండు చేతులా పట్టుకుని గట్టిగా తిప్పాను. గర్ర్... గర్ర్... గర్ర్...

"ఇగో, గిదే!" అంది అమ్మ.

బాపు వంగి చక్రం దగ్గర చెవి పెట్టాడు. "ఏది? ఏం రాదు గద."

అప్పుడే ఇంట్లోంచి అవ్వ గొంతు... "ఏందే బిడ్డా ఆ గరగర?"

లోపల మంచం మీద పడుకున్న ముసలి అవ్వకు వినిపించింది. పక్కనే ఉన్న బాపుకు వినిపించలేదు.

అమ్మ మెల్లగా బాపు వెనక్కి పోయి నిలబడింది. "ఇగో... నిన్నే..." అని మామూలు గొంతుతో పిలిచింది. బాపు తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. బాపు చక్రం వైపే చూస్తున్నాడు...

అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందుకొచ్చి బాపు ఎదురుగా కూర్చుంది.

"ఎప్పటి సంది?"

బాపు చేతిలోని పాత గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "శానా దినాలైంది. చిన్నప్పటి సంది చెవులు కారుతుండె... ఇప్పుడు బాగ తగ్గింది వినుడు."

"మాకు చెప్పకపోతివి?"

"చెవిటోడంటరు... పాలు పోసేటోళ్లు నవ్వుతరు. ఏం చెప్పాలె?"

ఎవరితో మాట్లాడినా బాపు వాళ్ల మూతి వైపే చూడటం, ఫోను మోగితే అమ్మ చేతికివ్వడం... అన్నీ నాకు అప్పుడు అర్థమయ్యాయి. ఏడుపొచ్చింది.

కాసేపటికి బాపే లేచాడు. లోపలి నుంచి పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. టౌన్లో మెకానిక్‌లు అట్లా చేస్తుంటే చూశాడట. దాని కొసను చక్రం ఇరుసు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు గట్టిగా అదుముకున్నాడు.

"తిప్పు బిడ్డా."

తిప్పాను. బాపు ముఖం చూడాలి అప్పుడు... కళ్లు పెద్దవైపోయాయి.

"అమ్మో... గింత సప్పుడైతాందా!"

గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇన్నాళ్లూ మమ్మల్ని దేని మీద తిప్పుతున్నాడో తెలిసొచ్చినట్టుంది. చైను వైపు ఆనించాడు, మళ్లీ ఇవతలి వైపు ఆనించాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "ఆడ తక్కువ... ఈడ ఎక్కువ. ఈ పక్క బేరింగ్ పోయింది." చక్రాన్ని పట్టి అటూ ఇటూ ఊపితే లొడలొడ ఊగింది.

గుట్టకు బస్సులో పోయాం. తిరిగొచ్చాక మెకానిక్ బేరింగ్ విప్పితే లోపలి గోలీలు తుప్పు పట్టి, కొన్ని పగిలి ఉన్నాయి. "ఇట్లనే తిప్పితే చక్రం పట్టేసేది," అన్నాడతను. అమ్మ తమ్ముణ్ణి ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"బండికి చేయించినవు. ఇగ నీకు," అని అమ్మే బాపును నల్లగొండ దవాఖానకు తీసుకుపోయింది. లోపల నరం బాగానే ఉంది, అందుకే ఎముక మీదుగా చప్పుడు వినబడింది, కర్ణభేరికి రంధ్రాలు పడ్డాయి, ఆపరేషన్ చేస్తే వినికిడి వస్తుందన్నారు డాక్టరు. బాపు కుడి చెవికి చేయించుకున్నాడు. కట్టు విప్పేదాకా పాల క్యాన్లు చిన్నాయన మోశాడు.

మళ్లీ బండెక్కిన రోజు నేనూ అమ్మా వెనకే కూర్చున్నాం. మూల మలుపు దగ్గర బాపు టక్కున ఆపేశాడు.

"ఏందో కీకీమంటాంది... మళ్ల ఏం పోయింది?"

అది ఇండికేటర్. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కొన్ననాటి సంది మొత్తుకుంటాంది అది!"

బాపు రోడ్డు పక్కన బండి నిలబెట్టి, ఆ బటన్ నొక్కుతూ, తీస్తూ, మళ్లీ నొక్కుతూ... చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు.

ఇప్పుడు నేను నడిపేది కరెంటు స్కూటర్. చప్పుడే ఉండదు. ఏదన్నా తేడా వస్తే ముందున్న తెర మీద ఎర్ర లైటు వెలుగుతుంది, సర్వీసు వాళ్లొచ్చి తీసుకుపోతారు. సుఖంగానే ఉంది... కానీ ఇంటిల్లిపాదీ వాకిట్లో చేరి, ఒక చప్పుడు కోసం అట్లా చెవులు రిక్కించి ఎన్నాళ్లయిందో...

మీ ఇంట్లో కూడా అందరూ కలిసి విన్న చప్పుడు ఏదన్నా ఉందా? చెప్పండి... వింటాను.