పేరమ్మ దక్షిణపు కిటికీలు

నేను చదివింది మా ఊరి బళ్లో అయిదో తరగతి వరకే. అయినా పర్చూరు నుంచి కనిగిరి దాకా నేను ముగ్గుపోసి కట్టిన ఇళ్లున్నాయి. నల్లరేగడి నేలలో నా గోడ ఒక్కటీ బీటవారలేదు. పంచాయతీ మెంబరుగా రెండుసార్లు గెలిచాను. బడికి వరండా వేయించాను. కలెక్టరుగారి చేత శాలువా కప్పించుకున్నాను. అలాంటి నేను కట్టినవాటిలో అన్నిటికన్నా మంచి ఇంటిని నా కళ్లముందే పాడుచేశారు. ఆ ఇల్లు పేరమ్మది.

పేరమ్మ భర్త చిన్నవయసులోనే పోయాడు. కౌలుకు పత్తి వేసింది, వేసవిలో మిరపకల్లాల్లో కాయలకు తొడిమలు తీసింది, కొడుకు సీతారామాంజనేయుల్ని పెంచింది. మిరప ఘాటుకు ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు. తొంభై ఆరులో ఇల్లు కట్టుకుందామని నా దగ్గరకొచ్చి ఒకే మాట అడిగింది.

"ఊపిరాడే ఇల్లు కావాలన్నయ్యా. సోకులేం వద్దు."

ముగ్గుపోయక ముందు నేను ఆ స్థలంలో కర్రకు గుడ్డపేలిక కట్టి, గాలి ఎటు వీస్తుందో చూస్తూ ఎండలో కూర్చున్నాను. పడమర పొలాల మీదుగా వడగాలి కొడుతుంది. సాయంత్రానికి వాగు వైపు నుంచి, అంటే దక్షిణం నుంచి, పైరగాలి వస్తుంది. అందుకని పడమటి గోడ రెండింతల మందం కట్టి కిటికీ పెట్టలేదు. దక్షిణాన మంచమెత్తున రెండు పెద్ద కిటికీలు పెట్టాను. వేడి పోవడానికి ఉత్తరాన పైకప్పు కింద కంతలు వదిలాను. మిరపకాయల గది ఉత్తరపు కొసన వేశాను, ఘాటు ఇంట్లోకి రాకుండా. స్థలంలో ఉన్న రెండు వేపచెట్లనూ కొట్టనివ్వలేదు. రోహిణికార్తెలో కూడా ఆ ఇంట్లో ఫ్యాను తిరగలేదు. పేరమ్మ పిల్లికూతలు ఆగాయి.

మరుసటేడు పత్తికి పచ్చపురుగు పట్టింది. జిల్లా అంతా పట్టింది. జిల్లాలో అందరికీ దక్షిణాన కిటికీలున్నాయా? ఆంజనేయులు మాత్రం బెజవాడ నుంచి ఒక వాస్తు ఆయన్ని కారులో తెచ్చాడు. దక్షిణం తెరుపు ఇంటికి అరిష్టమన్నాడాయన. కాయలగది నైరుతికి మార్చమన్నాడు. పేరమ్మ కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన సందు చూసి ఆంజనేయులు కిటికీలకు ఇటుకలు పేర్పించాడు. కాయలు ఆమె పడకగది పక్కకే వచ్చాయి.

తిరిగొచ్చిన పేరమ్మ గడపలోనే దగ్గింది. సంగతి తెలిసి నేను గునపం పట్టుకుని వెళ్లాను.

"ఏరా అల్లుడూ, మీ అమ్మ ముక్కు కూడా దక్షిణానికే ఉంటే మూసేస్తావా?"

"నువ్వు కట్టిపోయావు మావా. మునిగింది నేను," అన్నాడు వాడు, నా ముఖం చూడకుండా.

నేను గునపం ఎత్తాను. పేరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆగన్నయ్యా. మూసినవాడే తియ్యాల."

పేరమ్మ తన మంచం పశువులపాకలోకి వేయించుకుంది. మంచిరోజు చూసి ఊరందరినీ పిలిచి అక్కడ కొత్త పొయ్యి పెట్టి పాలు పొంగించింది, గృహప్రవేశమని. మామిడాకులు కట్టింది. అక్షింతలు వేయించుకుంది. జనం పాయసం తిని తలలు దించుకుని పోయారు. ఆంజనేయులు ఆ రోజంతా చేలోనే ఉన్నాడు. నేను మటుకు రెండు గిన్నెలు తిని, పాక చూరు దక్షిణం వైపు ఎత్తించి, పడమరకు తడిక కట్టించి, గునపం ఆ చూరులోనే దోపి వచ్చాను. పేరమ్మ దగ్గు తగ్గింది.

ఎండాకాలం వచ్చింది, కరెంటు కోత మొదలైంది. కోడలు భానుశ్రీ ఘాటుకు కళ్లు నులుముకుంటూ చంటిదాన్ని ఎత్తుకుని పాకలోకొచ్చేసింది. ఆంజనేయులు ఆగిపోయిన ఫ్యాను కింద ఒక్కడే కొన్నాళ్లు పంతంగా పడుకున్నాడు. ఒక మధ్యాహ్నం నేనక్కడ ఉండగానే, తడిసిన తువ్వాలు భుజాన వేసుకుని, దగ్గుతూ పాక ముందుకొచ్చి నిలబడ్డాడు.

పేరమ్మ మంచం మీంచి లేవలేదు. "గునపం మీ మావ ఇక్కడే వదిలిపోయాడు," అంది. "చూరులో ఉంది, చూడు."

వాడు తీసుకెళ్లాడు. ఒక్క కిటికీ తెరిచాడు. రెండోదానికి వాస్తు ఆయన్ని అడగాలట. ఇప్పటికీ అది మూసే ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా నా ఒళ్లు మండుతుంది. పేరమ్మ మంచం కూడా ఇప్పటికీ పాకలోనే ఉంది, రెండోది తెరిచేదాకా ఆ గడప తొక్కనని.