జకరయ్య గారి ఆదివారం ప్రార్థన

బ్రూక్షాబాద్ రేకుల చర్చిలో సంఘపెద్ద జకరయ్య గారు ఒక్కచోట నిలవరు. పాట మధ్యలో లేచి కిటికీలోంచి రోడ్డు చూస్తారు, తిరిగే ఫ్యాన్ ఆపి మళ్లీ వేస్తారు, చొక్కా జేబు తడుముకుంటారు. అందులో ప్లాస్టిక్ కవరులో, స్థలం చర్చికే ఇమ్మని పెట్టుకున్న దరఖాస్తు నకలు ఉంటుంది. స్థలం సర్కారుదని, చర్చి ఖాళీ చేయమని తహసీల్దారు నోటీసు ఇచ్చి ఆరు నెలలైంది. అధికారుల కోసం ప్రార్థించమని వాక్యం చెప్పింది గనుక, ప్రతి ఆదివారం ఆ పని ఆయనదే. ఢిల్లీలో మొదలుపెట్టి తహసీల్దారు దాకా దిగుతారు. అక్కడ మాత్రం, “ప్రభువా, ఈయన్ని ఓడెక్కించి దూరపు దీవి కార్ నికోబార్‌కు బదిలీ చెయ్యి, క్షేమంగా” అంటారు. క్షేమంగా అనడం ఏనాడూ మరవలేదు.

మొన్న సరిగ్గా అక్కడికి వచ్చేసరికి బయట జీపు ఆగింది. జకరయ్య గారు ఒక కన్ను తెరిచారు. గుమ్మంలో తహసీల్దారు బూట్లు విప్పుతున్నాడు.

“ప్రభువా, ఒక్క నిమిషం” అని మైకులోనే చెప్పి, “నమస్తే సాబ్, ఆయియే” అంటూ కుర్చీ పట్టుకుని పరిగెత్తారు. ఆడవాళ్ల ముసుగుల కింద నవ్వులు కదిలాయి.

తహసీల్దారు కూర్చోలేదు. “పహలే ఆ ప్రార్థన పూర్తి చెయ్యండి చాచా. నేను ఇక్కడి డిగ్నాబాద్‌లో పుట్టినవాణ్ణే, తెలుగొచ్చు.”

జకరయ్య గారు మైకు దగ్గరికి వచ్చారు. “ప్రభువా, ఈ అధికారిని...” అని ఆగిపోయారు.

ముందు చాప మీది ముసలమ్మకు జాలేసింది. “కార్ నికోబార్‌కి బదిలీ, బాబూ! మర్సిపోనావేటి?”

“క్షేమంగా” అన్నారు జకరయ్య గారు, కళ్లు గట్టిగా మూసుకుని.

అందరికన్నా ముందు ఆమేన్ అన్నది తహసీల్దారే. అది బదిలీకో, క్షేమానికో తేలక, జకరయ్య గారి చెయ్యి మళ్లీ జేబు తడుముకుంది.